సంఘం గదికి నిజాల పుస్తకాలు

రండి, గోడ నీడలోకి జరిగి ఇట్లా దగ్గరగా కూర్చోండి. పక్కింటి మోటారు వేశారంటే నా మాట నాకే వినబడదు. చేతికి పని కావాలంటే ఆ చేటలో వేరుశనక్కాయలున్నాయి, ఒలుస్తూ వినండి. మధ్యలో నా గొంతు హెచ్చితే మీ మీద కోపమనుకోకండి. పిల్లలకు నాలుగు మంచి పుస్తకాలు తెచ్చిపెట్టే పని నెత్తికెత్తుకున్న నాటి నుంచి నా గొంతు అట్లాగే ఉంది.

మాది తిరుమంగళం పక్క నల్లరేగడి పల్లె. పత్తి, మొక్కజొన్న, వాన దయ తలిస్తే ఉల్లి. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మా పెద్దలు ఎప్పుడో ఉత్తరాన్నుంచి వచ్చారు. మాటను వెంట తెచ్చుకున్నారు గానీ అక్షరం దారిలో ఎక్కడ జారిపోయిందో! మా వీధిలో తెలుగు మాట్లాడని ఇల్లు లేదు. తెలుగు చదవగలిగిన ఇల్లు మాది తప్ప మరొకటి లేదు. అదీ నా వల్లనే. మా నాయన కళ్లంలో కూర్చోబెట్టి దుమ్ములో వేలితో నాకు అక్షరాలు దిద్దించాడు. బడి అంటారా, తమిళ బడిలో మూడో తరగతి వరకే, ఆ తరువాత మేకలు. కాబట్టి తమిళమూ చదువుతాను, తెలుగూ చదువుతాను, రెండూ ఎద్దుబండి నడకే.

ముందు నా మనవరాలి సంగతి చెప్పాలి. నా కూతురూ అల్లుడూ కోయంబత్తూరులో మిల్లు పనికి పోతారు, ఇద్దరికీ షిఫ్టులు. వాళ్ల బిడ్డ నా దగ్గరే పెరుగుతోంది, అయిదో తరగతి. లేచింది మొదలు ప్రశ్నలే. గబ్బిలం తలకిందులుగా వేలాడితే తిన్నది గొంతులోకి ఎట్లా దిగుతుంది? ఉల్లిపాయ కోస్తే కన్నెందుకు మండుతుంది? మన నేల ఎండాకాలం ఎందుకు బీటలు వారుతుంది? నాకు కథలు వచ్చు, పాటలు వచ్చు, ఎవరి పెళ్లి ఏ వాన ఏడు జరిగిందో వచ్చు. ఇవి రావు. "పోవే, పోయి ఆడుకో" అనడం నాకే నామోషీగా ఉండేది. వీధిలో ఇట్లాంటి పిల్లలు ఇంకా ఉన్నారు. సెలవులొస్తే గడపల మీద కూర్చుని ఒక్క ఫోను చుట్టూ బెల్లానికి ఈగల్లా మూగుతారు.

మా వాళ్ల పెళ్లి మండపం పక్కన ఒక గది ఖాళీగా ఉండేది. సంఘం కూటంలో నేనే లేచి నిలబడి, ఆ గది పిల్లలకివ్వండి, పుస్తకాలు పెడదాం అన్నాను. కథలు నేను చెప్పుకుంటాను, నిజాలు చెప్పే పుస్తకాలు మాత్రం కావాలి అన్నాను. సంఘానికి పెద్ద మా మరిది, అంటే మా ఆయన తమ్ముడు. ఎరువుల అంగడి నడుపుతాడు. మనిషి మంచివాడే. బుర్రలోకి ఒక ఆలోచన వచ్చిందంటే మాత్రం అది దిగిపోయేదాకా మనమే ఊరు విడిచి పోవాలి.

"సరి, వదినె అడిగింది, ఇచ్చేస్తాం," అన్నాడు. "అయితే ఒక మాట. మాసి నెల శివరాత్రి దాకా చూస్తాం. పిల్లకాయలు వస్తే గది వాళ్లకే. రాకుంటే పెండ్లి అండాలూ గంగాళాలూ లోపల పెట్టి బీగం వేసేస్తాం. బయట వానకు పాడవతా ఉండాయి."

అందరూ చప్పట్లు కొట్టారు. గది ఒకసారి పోయిందంటే మళ్లీ అడిగే ముఖం నాకుండదని ఆ చేతులకేం తెలుసు?

ఆ నెలలోనే మా మరిది ఎవరి పెళ్లికో విజయవాడ పోయి, రైల్లో ఒక పెద్ద అట్టపెట్టె దింపుకొచ్చాడు. తెచ్చి మా ఇంటి నడవలో పెట్టి చెమట తుడుచుకుంటున్నాడు, మొహమంతా వెలుగే.

"వదినా, అన్నీ మన తెలుగే! మన పిల్లకాయలు మన బాస చదవకుంటే ఇంకెవరు చదువుతారు?"

"చదివేదానికి అచ్చరం రావద్దా? వాళ్లకు తమిళం తప్ప ఏం వచ్చు? నీకు వచ్చునా?"

"నాకు ఏంటికి? అట్ట చూసి తీసుకొస్తిని. బొమ్మలు సూపరుగా ఉండాయి చూడు."

చూశాను. నీలం నీళ్లు, గట్టున కొబ్బరిచెట్లు ఉన్న అట్ట చూసి సముద్రం సంగతులనుకున్నాడట. వేలు పెట్టి కూడబలుక్కుంటే అది రొయ్యల చెరువులు పెంచేవాళ్ల కోసం రాసిన పుస్తకం. మా ఊళ్లో మేక తాగడానికే నీళ్లు లేవు. ఏనుగు బొమ్మ ఉన్నదేమో ఇన్సూరెన్సు అమ్మేవాళ్లు ఎట్లా మాట్లాడాలో నేర్పుతోంది. అటువంటివి ఏరి పక్కన పెట్టగా మిగిలినవన్నీ గొప్పవాళ్ల జీవితాలు.

"ఇవన్నీ ఎవరు చదివి చెప్తారు?" అన్నాను.

"నువ్వుండావే, వదినా!" అని చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

మా నాయన నేర్పిన విద్య నా మెడకు ఇట్లా చుట్టుకుంటుందని ఎవరనుకున్నారు? సాయంత్రం అయ్యేసరికి వంట మా ఇంట్లోనే ఉండే కోడలికి అప్పగించి గదిలో కూర్చునేదాన్ని. వేలు అక్షరం మీద, కళ్లద్దాలు ముక్కు మీద. ఆ పుస్తకాల తెలుగులో సగం మాటలు నాకే తెలియవు.

"అవ్వా, ఇదేమి తెలుగు? మన తెలుగు మాదిరి లేదే," అన్నారు పిల్లలు మొదటి రోజే.

"ఊరు మారితే మాట మారతాది. నోరు మూసుకొని వినండి."

విన్నారు. ఒక గొప్పాయన పేదింట్లో పుట్టాడు, వీధి దీపం కింద చదివాడు, తల్లి మాట జవదాటలేదు, పెద్దవాడయ్యాడు. రెండో గొప్పాయనా పేదింట్లోనే పుట్టాడు. ఆయనకూ ఒక వీధి దీపం. మూడో ఆయన దగ్గరికి వచ్చేసరికి నా మనవరాలు మోకాళ్ల మీద గడ్డం ఆనించుకుని అడిగింది.

"అవ్వా, వీళ్లంతా ఒకే దీపం కింద కూచున్నారా?"

"వినవే!"

"ఒక్కడన్నా తోటలో మామిడికాయ దొంగిలించలేదా?"

"పెద్దోళ్లు అట్ల చేయరు."

"అయితే మేమేంటికి వినాల? మేము ఎప్పుడో చేసేస్తిమే!"

గదంతా నవ్వులు. నాకు ఒళ్లు మండింది, ఆ మాట నిజం కాబట్టి ఇంకా మండింది. మరునాటికి సగం మంది రాలేదు. నాలుగు రోజులకు నేనూ నా మనవరాలూ మిగిలాం. ఆమె కూడా, బడి నుంచి నేరుగా వస్తే అక్కడ సుండల్ పెడతానని చెప్పాను గనక వచ్చింది. ఉడకబెట్టిన శనగలకు లొంగి వచ్చిన పిల్లను లెక్కలోకి ఎట్లా తీసుకుంటాం?

మా మరిదికి సంగతి తెలిసి ఈసారి తమిళ పుస్తకాలు తెచ్చాడు. అవి ప్రశ్న, జవాబు పుస్తకాలు. ఎత్తైన కొండ ఏది, పొడవైన నది ఏది, పెద్ద పక్షి ఏది. చదవడం వచ్చింది కదా అని పిల్లలు వచ్చారు. ఒకరినొకరు పరీక్ష పెట్టుకున్నారు. రెండు రోజుల్లో మూసేశారు.

"ఏమే, ఇవి నిజాలే కదా?" అన్నాను నా మనవరాలితో.

"నిజాలే అవ్వా. ప్రశ్నా వాళ్లే అడిగి జవాబూ వాళ్లే చెప్పుకొంటే మనకు ఏం పని ఆడ?"

ఇంటికి తిరిగొచ్చి కోడలి మీద అరిచాను. ఆ పిల్ల ఏం చేసింది పాపం, పప్పు పొంగితే పొంగింది.

ఇక లాభం లేదని ఒక శనివారం మనవరాలిని వెంటబెట్టుకుని మదురై బస్సెక్కాను. పాత పుస్తకాలు అమ్మే అంగళ్ల వరుస ఒకటి ఉంది. అక్కడ ఒకతను స్టూలు వేసి కూర్చోమన్నాడు. నిజమైన సంగతులుండాలి, బుద్ధులు చెప్పకూడదు, పిల్లలు చదివేటట్టుండాలి అన్నాను తమిళంలో.

"బుద్ధి చెప్పకుండా పిల్లల పుస్తకమా అవ్వా?" అన్నాడు అతను. "అట్లాంటివి ఎవరూ అడగరే!"

"నేను అడుగుతున్నానుగా!"

ఎట్లా ఎంచాలో నాకు తెలియదు. అట్ట చూసి కొంటే ఏమవుతుందో మా మరిది చూపించాడు. కథ చెప్పేటప్పుడు వినేవాళ్లు ఊఁ కొడతారు చూడండి, ఆ ఊఁ ఒక్కటే నాకు తెలిసిన తూకం. నా మనవరాలిని పుస్తకం నడిమికి తెరిచి గట్టిగా చదవమన్నాను. ఊఁ దానంతటది వస్తే తీసుకోవడం, తెచ్చిపెట్టుకోవలసి వస్తే వదిలేయడం. ఇట్లా చేస్తే గెలిచేశానని మాత్రం అనుకోకండి. బావి తవ్వేవాళ్ల పుస్తకం ఒకటి వింటూ నేను ఆగకుండా ఊఁ కొట్టాను. అది ఈనాటికీ గదిలో ఒక్క పిల్ల చేయి తాకకుండా పడి ఉంది. నా మనవరాలు ఏరిన పుస్తకం పేరు వినే నేను చెవులు మూసుకున్నాను. ఏ జంతువు పెంట ఎట్లా ఉంటుంది, దాన్ని చూసి అది ఏం తిన్నదో ఎట్లా కనిపెట్టాలి, ఇదీ ఆ పుస్తకం.

"ఛీ! సరస్వతి అంటారే పొస్తకాన్ని! దాన్లో పెంటికలా?"

"అవ్వా, నువ్వు ఇప్పుడు ఊఁ అన్నావు."

"నేను ఛీ అన్నాను!"

"ముందు ఊఁ అన్నావు. తరువాతే ఛీ."

అంగడతను నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు. చెదపురుగులు పుట్ట ఎట్లా కడతాయో చెప్పేది, నదులు దారి ఎట్లా మార్చుకుంటాయో చెప్పేది, చెట్ల గురించి ఒకటి, ఈ పెంటికలది, ఇంకా కొన్ని సంచిలో వేసుకుని మా ఊళ్లో బస్సు దిగాం.

వారం తిరగలేదు, గది నిండిపోయింది. పెంటికల పుస్తకం కోసం జుట్లు పట్టుకున్నారు. తమిళంలో చదవడం, తెలుగులో పోట్లాడుకోవడం. మా ఇంటి వెనక గట్టు మీద పడిన ప్రతి ఉండనూ పుల్లతో కదిపి, ఇది కుందేలు, కాదు మేకపిల్ల అని పంచాయతీ. చేతులు కడుక్కోకుండా వచ్చి నా కొంగు పట్టుకుంటారు. నేను కోరుకున్నది ఇదేనా అని తల బాదుకున్నాను. కోరుకున్నది ఇదే.

అసలు తంటా అప్పుడు మొదలైంది. మా వాళ్లలో ఒక ఆచారం ఉంది. మాసి శివరాత్రికి ఎక్కడెక్కడి వాళ్లూ వచ్చి కులదైవం దగ్గర దీపం పెడతారు. దీపం పెట్టాక ఇంటి పెద్దావిడ ఏరు దాటిన కథ చెప్పాలి. మా పెద్దలు రాత్రికి రాత్రి ఊరు విడిచి దక్షిణానికి వస్తున్నారు. వెనక రాజు గుర్రాలు, ముందు నిండు వరదలో నది. మా ఇంటి ఆడపిల్ల ఒకతె గట్టు మీద నిలబడి చేతులు జోడిస్తే అవతలి ఒడ్డున ఉన్న కానుగ చెట్టు వంగి, నీళ్ల మీద పడుకుని, కొమ్మలు చాచింది. పిల్లా జెల్లా అందరూ దాని మీద నడిచి దాటారు. గుర్రాలు వచ్చేసరికి చెట్టు లేచి నిలబడింది. అందుకే మేము కానుగను నరకం. పళ్లు తోముకోవడానికి పుల్ల కూడా విరవం. మా అత్త చెప్పగా నేను విన్నాను, ఆమె తరువాత నేను చెబుతున్నాను. పండుగ ముందర ఒక సాయంత్రం నోరు తిరగడానికని గదిలో పిల్లలకు చెప్పాను.

ప్రతి ఏడూ కళ్లప్పగించి వినే పిల్లలు ఈసారి ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

"ఏ నది అవ్వా?"

"నది అంటే నది."

"ఎంత వెడల్పు?"

"చెట్టంత!"

అక్కడ నోరు జారాను. మనిషి నీడ మనిషి పొడవు అయ్యే వేళకు చెట్టు నీడ కూడా చెట్టు పొడవే ఉంటుందని ఆ చెట్ల పుస్తకంలో ఉందట. మరునాడు నా బావి తాడు కనబడలేదు. ఎక్కడని వెతికితే ఊరి పక్క ఎండిన ఏట్లో పిల్లల దండు. కానుగ నీడకు తాడు పట్టి కొలిచి, ముడి వేసి, ఆ తాడును ఏటికి అడ్డంగా లాగుతున్నారు. ఇసుకలో సగానికి కూడా అందలేదు.

"అవ్వా, ఈ ఏటికే చాల్లేదే! నదికెట్ల చాలతాది?" అంది నా మనవరాలు. వెక్కిరింపు కాదు, నిజంగా తెలుసుకోవాలని అడుగుతోంది. అది ఇంకా కష్టం.

ఎండ మాడుతోంది, నా తాడు మట్టి కొట్టుకుపోయింది. "నన్ను చంపొద్దు, పోయి మీ అంగడి తాతను అడగండి!" అన్నాను. అట్లా అనకుండా ఉండవలసింది. అందరూ తాడు ఈడ్చుకుంటూ ఎరువుల అంగడికి పోయి, కొనేవాళ్ల ముందే మా మరిదిని చుట్టుముట్టారు. ఏ నది తాతా, ఎంత వెడల్పు తాతా, అంత చెట్టు యాడుండాది తాతా అని.

సాయంత్రం అతను మా ఇంటికొచ్చి కూర్చోను కూడా లేదు.

"దైవం మాటకు తాడు పట్టి కొలుస్తా ఉండారు వదినా! పెంటికల పొస్తకం, చెదల పొస్తకం, అవే పిల్లకాయల్ని పాడు చేసేసినాయి. శివరాత్రి ముందర కూటంలో తేల్చేస్తాం. గది మూసేస్తాం."

"పిల్లలు రాకుంటే మూస్తానంటివి!"

"ఇప్పుడు వస్తా ఉండారే, అదే తంటా!"

వస్తే తప్పు, రాకపోతే తప్పు. ఇట్లాంటి న్యాయం మా సంఘంలోనే దొరుకుతుంది.

కూటం రోజు మండపం నిండింది. పండుగకు వచ్చిన చుట్టాలు కూడా ఉన్నారు. పిల్లలు వెనక వరుసలో పుస్తకాలు ఒళ్లో పెట్టుకుని గువ్వల్లా కూర్చున్నారు. గది పోతుందని వాళ్లకూ తెలుసు. నా మనవరాలు పొద్దున్నించి అన్నం ముట్టలేదు. "నేను అడిగినందుకే కదా అవ్వా" అని ఒకే మాట. తల దువ్వి జడ వేశాను.

మా మరిది లేచి జరిగినదంతా చెప్పాడు. "పిల్లకాయలు పెద్దోళ్ల మాట నమ్మేదే లేదు. కావేరి దాటి వచ్చినాం అంటే, కావేరికి కానుగ చాలదు అంటారు!"

ముందు వరుసలో మా కోడలి తండ్రి కూర్చున్నాడు, ఆండిపట్టి మనిషి, మాకు వియ్యంకుడు. ఆయన తాంబూలం పక్కకు జరిపాడు.

"కావేరా? ఎవరు చెప్పింది? మా ఇంట్లో తుంగభద్ర అంటారే."

"మీ ఇంట్లో తప్పుగా చెప్తా ఉండారు, మామా."

"మా తాత చెప్పింది తప్పా? ఏమప్పా, ఎరువులు అమ్మితే అన్నీ తెలిసిపోతాదా? ఇంకొకటి విను. చెట్టు ఒకటి కాదు, రెండు. ఈ గట్టుది ఒకటి, ఆ గట్టుది ఒకటి, రెండూ వంగి నడిమిన కలిసినాయి."

"ఒకటే!"

"రెండు!"

వెనక నుంచి ఒక ముసలామె అది కానుగే కాదు, రావి అంది. ఇక పట్టపగ్గాలు లేవు. పెళ్లిపందిట్లో పప్పు చాలనప్పటికన్నా పెద్ద గోల. ఆ గోల మధ్య నా మనవరాలు లేచి నిలబడింది.

"రెండైతే ఇంకొంచెం చాలతాది తాతా. వరద తీసినాక నది సన్నగా అయ్యే చోట్లు ఉంటాయంట. ఏ నదో తెలిస్తే చూడచ్చు."

"చూస్తివా! పిల్ల చెప్పేసింది, రెండే!" అన్నాడు వియ్యంకుడు మీసం మీద చేయి వేసి.

"ఏం చెప్పింది? ఏ నదో చూడచ్చు అంది, అంతే!" మా మరిది ముఖం ఎర్రబడింది. "కావేరి పొస్తకం తెప్పిస్తా. మామా, మీరు అప్పుడు మాట్లాడండి."

"నేను తుంగభద్రది తెప్పిస్తా!"

నేను లేచాను. "తెప్పించండి, బాగుంది. తెచ్చి యాడ పెడతారు? అండాల్లోనా?"

నవ్వు ఎక్కడ మొదలైందో తెలియదు, మండపం కప్పు దాకా పోయింది. గది మూయాలన్న మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. మా మరిది కూడా ఏదో ఒకటి గెలవాలి కదా, గదిలో సగం పుస్తకాలకు, సగం పాత్రలకు అని తీర్పు చెప్పి కూర్చున్నాడు. నేను సరే అన్నాను. నా మనవరాలు ఇంటికొచ్చి పొద్దుటి అన్నమూ సాయంత్రం అన్నమూ ఒక్కసారే తిన్నది.

శివరాత్రి నాడు దీపం పెట్టి కథ ఎప్పటిలాగే చెప్పాను. నది పేరు చెప్పలేదు, చెట్టు పొడవు చెప్పలేదు. పిల్లలు అడగలేదు. ఆ రోజుకు ఊరుకుని, తెల్లవారాక అడగడం మొదలుపెట్టారు.

ఇంతటితో నా తలనొప్పి తీరిందనుకున్నారా? ఇప్పుడు అంగడి మూశాక మా మరిది నేరుగా గదికి వస్తాడు. పిల్లల కోసం వేసిన ఫ్యాను కింద కూర్చుని కావేరి పుస్తకం పేజీ పేజీ తిప్పుతాడు, కావలసింది దొరకదు. "వదినా, దీన్లో లేదు, ఇంకొకటి ఏరి తెచ్చి ఇయ్యి" అంటాడు. వియ్యంకుడు ఆండిపట్టి నుంచి ఫోన్లో నా పుస్తకం ఎప్పుడని అడుగుతాడు. గబ్బిలాల పుస్తకం కావాలని నా మనవరాలు ఆరు నెలలుగా పోరుతోంది, పెద్దవాళ్ల పోరు తీరితే కదా దాని వంతు వచ్చేది! రేపు మళ్లీ మదురై బస్సెక్కాలి, మోకాళ్లు చూస్తే ఇట్లా ఉన్నాయి. పోతాను లెండి.

మీరు వెళ్లిరండి, పొద్దుపోయింది. మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ పొయ్యి మీద గిన్నె ఎప్పుడూ వట్టిపోకూడదు. మీ పిల్లలు చదివింది చెప్పడానికి చెప్పులతోనే ఇంట్లోకి పరుగెత్తుకు రావాలి, వాళ్లను కసిరి, కూర్చోబెట్టి, వినే పెద్ద దిక్కు మీ ఇంట నూరేళ్లు ఉండాలి.